ర్యాంకుల లిస్టు, ఆరో తరగతి కాగితాలు

2025 ఏప్రిల్ 30న తెలంగాణ పదో తరగతి ఫలితాలొచ్చిన సాయంత్రం మా బామ్మర్ది హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. ఉద్యోగం హన్మకొండకు బదిలీ అయిందట, బిడ్డను ఎనిమిదిలో చేర్పించాలట. ప్రైవేటు బడి ఫీజులు కట్టీ కట్టీ నడుము వంగిపోయింది, ఇక సర్కారు బడే అని ఆలుమగలిద్దరూ అనుకున్నారట. "బావా, నువ్వు సర్కారు సారువే గదా. మన దిక్కు ఏ బడి ఫస్ట్ ర్యాంకుల ఉన్నది? లిస్టేమన్న ఉంటే వాట్సాప్ చెయ్యి, అండ్ల పైనున్న బడిల ఏస్త" అన్నాడు.

సర్కారు బడి అన్నందుకు సంబరపడాలో, లిస్టు అడిగినందుకు చిరాకుపడాలో తెలియక "అసొంటి లిస్టేం లేదురా" అని పెట్టేశాను. అది అబద్ధం. లిస్టు నా ఫోన్లోనే ఉంది. మా మండలం గ్రూపులో ఎవరో ఎక్సెల్లో చేసి అప్పటికే పెట్టారు. బడి పేరు, రాసినవాళ్లు, పాసైనవాళ్లు, శాతం, ర్యాంకు. పైవి పచ్చ, నడిమివి పసుపు, కిందివి ఎరుపు. పసుపు అయిపోయి ఎరుపు మొదలయ్యేకాడ మా బడి ఉంది.

నేను లెక్కల సారును. ఇరవై రెండేండ్ల సర్వీసు, అందులో ఎక్కువ భాగం నర్సంపేట వైపు జడ్పీ హైస్కూళ్లలోనే గడిచింది. కాబట్టి ఎరుపు రంగు పక్కన నిలబడ్డవాడి కడుపుమంట ఇందులో కొంత ఉంటుంది, దాన్ని తీసేసి చదువుకోండి. కానీ బామ్మర్ది ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. వాడు అడిగింది తప్పేమీ కాదు. సెల్‌ఫోన్ కొనాలన్నా పది మందిని అడిగి కొంటాం. బిడ్డ మూడేండ్ల చదువు సంగతి ఎవర్నడగాలి? రాష్ట్రంలోని సర్కారు బళ్లన్నిటినీ ఒక వరసలో నిలబెట్టి, ఇది మొదటిది, ఇది ఆఖరిది అని చెప్పే లిస్టు ఉంటే నష్టమేంటి?

నష్టముందని నేననుకుంటాను. బళ్లను పోల్చాలి, ఆ మాటకు నేను ఎదురు చెప్పను. వరస కట్టడం మాత్రం వేరే పని. పోల్చడమంటే ఈ బడికి ఏమొచ్చింది, ఈ బడి ఏం చేసింది అని చూడటం. వరస కట్టేటప్పుడు ఆ రెండూ కలిసిపోయి ఒక అంకె అయిపోతాయి, ఇక విడదీయలేం.

ఎప్పుడూ ఆఖరే

ముందు పదో తరగతిలో జిల్లాల పాస్ శాతాల సంగతి చూద్దాం, ఆ అంకెలు అందరికీ తెలిసినవే. 2023లో నిర్మల్ 99 శాతంతో మొదటిది, వికారాబాద్ 59.46తో ఆఖరు. 2024లో మళ్లీ నిర్మల్ 99.05, మళ్లీ ఆఖరున వికారాబాద్, 65.10. 2025లో మన మహబూబాబాద్ 99.29తో పైకొచ్చింది, ఆఖరున మాత్రం వికారాబాదే, 73.97. ఫలితాల రోజు వార్తల్లో రెండో వాక్యం ఎప్పుడూ ఇదే: ఫలానా జిల్లా ఫస్టు, ఫలానా జిల్లా లాస్టు.

ఇప్పుడు ర్యాంకు పక్కనబెట్టి అవే అంకెల్ని ఇంకోసారి చూడండి. వికారాబాద్ రెండేండ్లలో పద్నాలుగున్నర పాయింట్లు ఎక్కింది. అదే రెండేండ్లలో రాష్ట్రం మొత్తం 86.60 నుంచి 92.78కి వచ్చింది, అంటే ఆరు పాయింట్ల చిల్లర. రాష్ట్రం సగటుకూ ఆ జిల్లాకూ ఇరవై ఏడు పాయింట్ల ఎడం ఉండేది, అది పందొమ్మిదికి దిగింది. ఆ జిల్లాలో ఎవరో ఒళ్లొంచి పనిచేశారన్నమాట. వాళ్లకు దక్కిన పేరు మాత్రం మూడేండ్లూ ఒక్కటే, "లాస్టు". పైన 99 దగ్గరున్న జిల్లా ఎంత చేసినా ఇంకో పాయింటుకు మించి ఎక్కే జాగా లేదు.

పాస్ శాతం పెరిగినంత మాత్రాన పిల్లలకు చదువొచ్చినట్టా అని మీరడగవచ్చు. ఆ అనుమానం నాకూ ఉంది. ఆ మూడేండ్లూ వందలో ఇరవై మార్కులు ఇంటర్నల్స్ పేరుతో మా చేతిలోనే ఉన్నాయి, అవి ఎంత ధారాళంగా పడతాయో వేసే మాకే తెలుసు. కరోనా వల్ల 2020లో పరీక్షలు మొదలై నడుమనే ఆగిపోయి, 2021లో పరీక్షే లేకుండా అందరూ పాసయ్యారు. అప్పుడు అన్ని జిల్లాలూ ఫస్టే, అన్నీ లాస్టే. ఇక్కడ నేను చెప్పేది అంత పెద్ద మాటేం కాదు. అంకె చెప్పే ఆ కాస్త సంగతిని కూడా ర్యాంకు కప్పేస్తోంది, అంతే.

మహబూబాబాద్ ఫస్టు అని విన్నప్పుడు నేనూ పొంగిపోయాను, తండాల జిల్లా కదా అని. ఆ వెనకనే ఇంకోటి గుర్తొచ్చింది. 2016 దసరా దాకా అదీ మనమూ ఒకే వరంగల్ జిల్లా. ఆ పండుగనాడు ఐదు ముక్కలయ్యాం, తర్వాత ములుగు విడిపోయి ఆరయ్యాయి. ఏ బడీ కదల్లేదు, ఏ సారూ మారలేదు, గీత ఒక్కటే మారింది. పాత గీతే ఉండి ఉంటే మహబూబాబాద్ 99 ఇక్కడి మిగతా శాతాల్లో కలిసిపోయి, పేపర్లో ఫస్టు అని కనిపించేది కాదేమో.

ఎనిమిది మంది బడి, నూరు మంది బడి

జిల్లా అంటే వేల మంది పిల్లలు, అంకె కాస్త నిలకడగా ఉంటుంది. బడిదాకా దిగితే ఆ నిలకడ కూడా ఉండదు. మా మండలం లిస్టులో మొదటి ర్యాంకు వచ్చిన బడిలో పరీక్ష రాసింది ఎనిమిది మంది. అందరూ పాసయ్యారు, నూటికి నూరు. ఆ బడి సారు నాకు దోస్తే, బాగా చెప్తాడు. కానీ పోయిన ఏడు అదే సారు, అదే బడి, లిస్టులో కింది నుంచి నాలుగోది. అప్పుడు ఇద్దరు తప్పారు. ఎనిమిది మందిలో ఇద్దరు తప్పితే పాస్ డెబ్బై ఐదు శాతమే.

లెక్కల సారును కదా, బోర్డు మీద వేసినట్టు వేస్తాను, ఓపిక పట్టండి. ఏ బడి పిల్లకైనా పాసయ్యే అవకాశం పదికి తొమ్మిది అనుకుందాం. అంటే బళ్లన్నీ అచ్చంగా ఒకే తీరు. ఎనిమిది మందున్న బడిలో అందరూ పాసయ్యే అవకాశం నూటికి 43. నూరు మందున్న బడిలో అందరూ పాసవ్వాలంటే 37 వేల సార్లలో ఒక్కసారి. అదే ఎనిమిది మంది బడిలో ఇద్దరో అంతకంటే ఎక్కువో తప్పే అవకాశం నూటికి 19. అంటే బొమ్మా బొరుసా వేసి చూసినా లిస్టులో పై నుంచీ కింది నుంచీ చిన్న బళ్లే నిండుతాయి, పెద్ద బళ్లు ఎప్పుడూ నడిమధ్యనే ఉంటాయి. మండల సమావేశంలో పై బడి సారుకు శాలువా కప్పి, కింది బడి సారును నిలబెట్టి అడిగినప్పుడు మనం చాలాసార్లు ఆ బొమ్మాబొరుసునే సన్మానిస్తున్నాం, దాన్నే తిడుతున్నాం.

ఈ లెక్క నేను స్టాఫ్‌రూంలో చెప్తే మా తెలుగు మేడం ఒక్క మాటన్నది. "అయితే మన బడిల అరవై మంది ఉన్నరు గద సార్, మరి మనమెందుకు ఎరుపు పక్కన ఉన్నం?" దానికి నా దగ్గర పాక్షికంగానే జవాబుంది, అది తర్వాత చెప్తాను.

నిలబెట్టిన సారు

నిలబెట్టి అడగడమని ఊరికే అనలేదు. కొన్నేండ్ల కింద ఒక సమీక్షకు మా హెచ్ఎం బదులు నేను పోవాల్సి వచ్చింది. ఎక్కడ, ఎవరు పెట్టారన్నది వదిలేయండి. ఏసీ హాలు, మైకు, తెర మీద లిస్టు. కింది ఐదు బళ్ల హెచ్ఎంలను లేవమన్నారు. అందులో ఒకాయన రిటైర్మెంటుకు ఎనిమిది నెలల దూరంలో ఉన్నాడు. "సార్, మా దగ్గర రెండేండ్ల సంది ఫిజికల్ సైన్స్ పోస్టు ఖాళీ సార్. బయాలజీ మేడమే రెండూ చెప్తాంది" అన్నాడు. "కారణాలు చెప్పకండి, ఫలితాలు చెప్పండి" అని మైకు. ఆయన కూర్చోలేదు, కూర్చోమని ఎవరూ చెప్పలేదు. టీ వచ్చింది, అందరం తాగాం. ఆయన కప్పు చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు.

2017 టీఆర్‌టీ అనే టీచర్ల నియామక పరీక్ష తర్వాత మళ్లీ కొత్త సార్లు బడి మెట్లెక్కింది 2024 డీఎస్సీతో, పదకొండు వేల పోస్టులు. నోటిఫికేషన్ల లెక్కన నడుమ ఏడేండ్లు. ఆ ఏడేండ్లలో రిటైరైనవాళ్ల జాగాలు చాలా చోట్ల అట్లనే ఉండిపోయాయి. కరోనా తర్వాత విద్యా వాలంటీర్లను కూడా తీసుకోలేదు. 2021 ఆఖర్లో ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచే 317 జీవో వచ్చి, జిల్లాల కేటాయింపుల్లో ఎవరు ఎక్కడ పడ్డారో మనకందరికీ ఎరుకే. ఈ ఏడేండ్లలో చదువుకున్న పిల్లలు పరీక్ష రాస్తే ఆ అంకె బడి ఖాతాలో పడింది. ఖాళీ పోస్టు ఎవరి ఖాతాలోనూ పడలేదు. తెర మీద ఇంకో గడి ఉండి, "ఈ సబ్జెక్టు సారు లేక ఎన్ని నెలలు" అని ఉంటే, ఆరోజు నిలబడాల్సింది ఎవరో ఆ గది అంతటికీ అర్థమయ్యేది.

బడి చదువు మీద రాష్ట్రాలకూ జిల్లాలకూ కేంద్రం ఇచ్చే గ్రేడుల్లో ఇట్లాంటి గడులు చాలానే ఉన్నాయి, కాదనను. రాష్ట్రాలకు వెయ్యి మార్కులు, జిల్లాలకు ఆరు వందలు. దక్ష్, ఉత్కర్ష్, ప్రచేష్ట, ఆకాంక్షి అని వాటికి పేర్లు. మా పిల్లలకు ఏ, బీ గ్రేడులే అర్థం కావడం లేదని 2025లో మార్కులు కూడా చూపడం మొదలుపెట్టాం, ఇక ప్రచేష్ట రెండుకూ మూడుకూ తేడా ఎవరికి చెప్తాం. అయినా ఒక మంచి ఉంది, అది ఒకటి రెండు మూడని వరసబెట్టదు, గంపలుగా విడగొడుతుంది. నా అనుమానమల్లా ఆ గంపలోకి పోయే సరుకు మీద. అందులో చాలా భాగం బళ్ల వివరాలు ఏటా ఎక్కించే యూడైస్ నుంచే పోతుంది, ఆ యూడైస్ నింపేది మేమే. ఒక ఏడు నింపేటప్పుడు "ఆడపిల్లల మరుగుదొడ్డి ఉందా" దగ్గర ఉంది అని కొట్టాను. "పనిచేస్తోందా" దగ్గర వేలు ఆగింది. తలుపుంది, బేసినుంది, తాళం ఉంది. తాళంచెవి హెచ్ఎం టేబుల్ సొరుగులో ఉంది, ఎందుకంటే లోపల నీళ్లు రావు. పనిచేస్తోందా? హెచ్ఎం నా భుజం మీదుగా చూసి "అవును కొట్టు, లేకుంటే రేపు ఫోనొస్తది" అన్నాడు. కొట్టాను.

రాసినవాళ్లలో పాసైనవాళ్లు

ఇంతవరకు లిస్టు తప్పులు చెప్పాను. ఇది నా తప్పు.

శాతం అంటే పాసైనవాళ్లను రాసినవాళ్లతో భాగించడం. బడిలో ఉన్నవాళ్లతో కాదు, రాసినవాళ్లతో. పై అంకె పెంచడానికి ఏడాదంతా కష్టపడాలి. కింది అంకె తగ్గించడానికి ఒక మాట చాలు. నవంబర్‌లో పరీక్ష ఫీజులు కట్టించుకుని నామినల్ రోల్స్ పంపేటప్పుడు ఒక పేరు రాయకుంటే అయిపోయింది.

నేను అప్పుడు పనిచేసిన బడిలో ఒక పిల్లగాడు ఉండేవాడు. దసరా తర్వాత పత్తి ఏరుడు మొదలవుతుంది, జనవరి దాటంగనే మిర్చి. మార్చిలో పరీక్షలు పెట్టేనాటికి మా దిక్కు మిర్చి ఏరుడు నడిమధ్యలో ఉంటుంది. 2025లో కూడా మార్చి 21న పరీక్షలు మొదలైతే మా ఊరి కూలీల ఆటోలు అదే పొద్దుగాల ఆరు గంటలకు చేనుకు పోయాయి. ఆ పిల్లగాని తండ్రి లేడు. వాడు వారంలో రెండు దినాలు బడికి, నాలుగు దినాలు చేనుకు. ఆ ఏడు మా బడికి నూటికి నూరు వచ్చే ఆశ ఉండె. వాడొక్కడే అనుమానం. హెచ్ఎం నాతో ఏమీ అనలేదు, నిజం చెప్పాలి. నేనే వాళ్లమ్మను పిలిపించి, "అమ్మా, ఈ ఏడు వీడు రాస్తే తప్పుతడు, మనసు విరుగుతది. ఒక్క ఏడాది ఆగి వచ్చే ఏడు మంచిగ రాపిద్దాం" అన్నాను. "మీరెట్లంటె అట్లనే సారు, మాకేమెర్క" అన్నది. మళ్లా ఏడాది వాడు రాలేదు. మా గేటు మీద నూరు శాతం ఫ్లెక్సీ కట్టారు, అందులో నా ఫొటో కూడా ఉంది.

రెండేండ్ల కింద ఎనుమాముల మార్కెట్‌కు మా అన్న మిర్చి పట్టుకుని పోతే తోడు పోయాను. బస్తాలు దించే ట్రాలీ ఆటో దగ్గర "నమస్తే సార్" అని వాడే పలకరించాడు. కాంటా అయ్యాక మా అన్న తరుగు ఎంత పోయిందో ఫోన్లో లెక్కపెడుతున్నాడు. నలభై మూడు బస్తాలు, బస్తాకు కిలో, క్వింటా పదమూడు వేల రెండొందలు. అన్న ఇంకా అంకెలు కొడుతూనే ఉన్నాడు, వాడు బస్తా మీద చెయ్యేసి నిలబడి "ఐదు వేల ఆరొందల డెబ్బయ్యారు పొయినట్టే అన్నా" అన్నాడు. లెక్కలో తప్పుతాడని నేను ఆపింది వాణ్ణే.

దీన్ని ఎవరో చేయించారని చెప్పుకుంటే నాకు తేలికగా ఉంటుంది. ఎవరూ చేయించలేదు. లిస్టు ఉందని తెలుసు, అది చాలింది. శాతానికి కింద రాసినవాళ్లను కాకుండా తొమ్మిదో తరగతి రిజిస్టరులో ఉన్న పిల్లలను పెడితే నాకు ఆ ఆలోచనే రాకపోయేది.

మరి వేల్స్ సంగతేంది?

ఇదంతా మొన్న మా తమ్ముడి కొడుకుతో అంటే, ఎకనామిక్స్ చదివినవాడు, నన్ను సగం దాకా రానిచ్చి ఆపాడు. "పెదనాయినా, లిస్టు తీసేస్తే ఏమైతదో ఒక దేశంల చూసిండ్రు" అని చెప్పుకొచ్చాడు. ఇంగ్లండులో 1992 నుంచి బళ్ల ఫలితాలను పట్టికలుగా అచ్చేస్తున్నారు. పక్కనే ఉన్న వేల్స్‌లోనూ వేసేవాళ్లు, 2001లో ఆపేశారు. అక్కడ అవే పరీక్షలు, దాదాపు అదే తీరు చదువు. లిస్టు ఆగిపోయాక ఏమైందని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్క తీస్తే, ఇంగ్లండుతో పోల్చినప్పుడు వేల్స్ బళ్లు వెనకబడ్డాయని తేలింది. పై నాలుగో వంతు మంచి బళ్లకు ఏమీ కాలేదు. దెబ్బ తిన్నవి కింది ముప్పావు వంతు బళ్లు. అంటే మనం కాపాడుతున్నాం అనుకునే పేదపిల్లల బళ్లే.

ఇది నాకు మింగుడుపడలేదు. ఇప్పటికీ పడటం లేదు. ఎందుకంటే అది నిజమే అయ్యుంటుందని నా అనుభవమూ చెప్తోంది. లిస్టు లేని రోజుల్లో పదకొండు గంటలకు వచ్చి మూడింటి బస్సుకు పోయే సార్లను నేను చూశాను. సమితి బడి రోజుల్నుంచీ "మన పిల్లలకు అంతే వస్తది" అనే మాట స్టాఫ్‌రూంలో చాయ్‌తో పాటు తాగుతూనే ఉన్నాం. లిస్టులో ఎరుపు పడతామన్న భయంతోనే జనవరి నుంచి సాయంత్రం స్పెషల్ క్లాసులు పెడుతున్నాం, వెనకబడ్డ పిల్లలను సారుకు ఐదుగురు చొప్పున దత్తత తీసుకుంటున్నాం. ఆ భయమే లేకుంటే మేమంతా అంత ధర్మాత్ములం కాదు.

కాబట్టి లిస్టు తీసేయండని నేననలేను. ఎవరికీ ఏమీ చెప్పకుండా తలుపులు మూసుకుంటే లాభపడేది బద్ధకమే. అయితే వేల్స్‌లో లిస్టు ఆపారు సరే, దాని జాగాలో జనానికి తెలిసేలా ఇంకేం పెట్టాలన్నది చూడాలి. నా పేచీ ఆ ఖాళీ గురించి. ర్యాంకుకూ చీకటికీ నడుమ ఇంకేమీ లేదా?

బీరువాలో కాగితాలు

ఇప్పుడు తెలుగు మేడం ప్రశ్న. అరవై మంది బడి ఎరుపు పక్కన ఎందుకుంది?

ఆ ఎక్సెల్లో మా పైనున్న బళ్లలో నాలుగు గురుకులాలు, ఒకటి మోడల్ స్కూలు. అన్నీ సర్కారువే కాబట్టి ఒకే వరస. గురుకులంలో ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష రాసి పోతారు. రాష్ట్రంలో గురుకులాలు వెయ్యి దాటాయి, అవి పేదపిల్లలకు చేసిన మేలు నేను కళ్లారా చూశాను, వాటి మీద నాకే కోపమూ లేదు. కానీ ఊరి బడి నుంచి ఏటా చదువొచ్చే నలుగురైదుగురు అటు పోతారు, ఆరులో మోడల్ స్కూలుకు ఇంకో ఇద్దరు ముగ్గురు. మిగిలినవాళ్లు మా దగ్గరికొస్తారు. వాళ్లూ వీళ్లూ పదో తరగతిలో ఒకే పేపరు రాస్తారు, ఒకే లిస్టులో పడతారు. పాలమీది మీగడ ఒక గిన్నెలోకి తీసి, రెండు గిన్నెల పాలనూ పోల్చినట్టుంటుంది.

ఇది నేను మూడేండ్లు కోపంగా అందరితో అన్నాను, ఎవరూ నమ్మలేదు. సాకు లాగా వినిపిస్తుంది కదా. అందుకే 2021లో బళ్లు తెరిచినప్పుడు ఆరో తరగతిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు పది లెక్కలిచ్చాను. కూడిక, అప్పు తెచ్చే తీసివేత, గుణకారం, రెండంకెలతో భాగహారం, గడియారం చూసి టైము, అంగడి లెక్క ఒకటి. అప్పుడే కరోనా నుంచి బయటపడ్డ పిల్లలు. ఒక సెక్షన్‌లో ముప్పై ఒక్క మంది. అప్పు తెచ్చి తీసివేసింది పద్నాలుగు మంది. భాగహారం చేసింది ఐదుగురు. ఒక తండా పిల్ల అంగడి లెక్క వదిలేసింది. దగ్గర కూర్చోబెట్టి అడిగితే లెక్క రాక కాదు, ప్రశ్న చదవడం రాలేదు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిషు. లెక్కను నోటితో చెప్తే వేళ్ల మీద లెక్కపెట్టి జవాబు చెప్పింది. ఆ కాగితాలన్నీ స్టాఫ్‌రూంలో ఇనుప బీరువా అడుగున, పాత హాజరు పట్టీల కింద పెట్టాను.

ఆ పిల్లలే 2026 మార్చిలో పదో తరగతి రాయాల్సినవాళ్లు. ఆ ముప్పై ఒక్క మందిలో ఇప్పుడు మా దగ్గర మిగిలింది పందొమ్మిది మంది. వెళ్లిపోయినవాళ్లలో ముందు పోయింది ఆ భాగహారం చేసిన ఐదుగురిలో నలుగురే. మొన్న ఎండాకాలం సెలవుల ముందు మిగిలినవాళ్లకు మళ్లీ అవే పది లెక్కలు, ఇంకో పది కొత్తవి కలిపి పెట్టాను. పాతవి అందరికీ వచ్చాయి, ఇద్దరికి తప్ప. ఆ తండా పిల్ల కొత్త పదిలో ఏడు చేసింది. వచ్చే మార్చిలో ఆమెకు వందకు యాభై ఐదో అరవయ్యో వస్తాయి, లిస్టులో పాస్ అని ఒక గీత పడుతుంది. తొంభై రావాల్సిన పిల్లకు తొంభై వచ్చినా అదే గీత. ఎంత దూరం నుంచి నడిచొచ్చిందో చూసే గడి అందులో లేదు. నాకు కావాల్సింది ఆ గడే. వచ్చినప్పుడెంత, పోయేటప్పుడెంత అన్నది. మూడేండ్ల సగటుతో, మాలాంటి బళ్లతో పోల్చి. గురుకులాన్ని గురుకులంతో, ఊరి బడిని ఊరి బడితో.

ఇదే మాట మా తమ్ముని కొడుకుతో అంటే ఒక్క ప్రశ్నతో గాలి తీసేశాడు. "ఆ మొదటి పరీక్ష పెట్టింది నువ్వే గదా పెదనాయినా? రేపు దానికీ ర్యాంకు ముడిపెడితే ఆరో తరగతిల లెక్కలు కష్టమియ్యవా?"

ఇస్తాను. ఒక పేరును రోల్స్‌లో రాయకుండా ఆపినవాణ్ణి, ఇది చేయనని ఏ మొహంతో అనాలి? చిన్న పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమంలో బేస్‌లైన్ అంకెలు ఎట్లా నింపారో ప్రాథమిక బళ్ల సార్లు నవ్వుకుంటూ చెప్పేవాళ్లు. మొదట తక్కువ చూపితే చివర ఎక్కువ కనిపిస్తుంది, దానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

బామ్మర్ది జూన్ మొదటి వారంలో వచ్చాడు. హన్మకొండలో రెండు బళ్లకు తీసుకుపోయాను, పిల్లలను బళ్లలో చేర్పించే బడిబాట నడుస్తోంది కాబట్టి సార్లందరూ ఉన్నారు. లిస్టు ఏదీ చూపలేదు. ఒక బడిలో వాడు నేరుగా మరుగుదొడ్ల దిక్కు పోయి నల్లా తిప్పి చూశాడు, నీళ్లొచ్చాయి. ఇంకో బడిలో గోడ మీద టైంటేబుల్ చూసి "ఈ సోషల్ పిరియడ్ల సారు పేరెందుకు లేదు" అని అడిగాడు. హెచ్ఎం నా మొహం చూసింది. నల్లా ఉన్న బడిలో చేర్పించాడు. ఆ బడి శాతమెంతో నాకు తెలుసు, అంత గొప్పగా ఏం లేదు. వాడు ఇంకా అడగలేదు.

12న బళ్లు తెరిచారు. ఈసారి ఆరో తరగతిలో ఇరవై ఆరు మంది. శనివారం నాడు పక్క ఊరి బడి లెక్కల సారును, ఆ ఎనిమిది మంది బడి దోస్తునే, మా బడికి పిలిచాను. పది లెక్కలూ ఆయనే ఇచ్చాడు, ఆయనే దిద్దాడు. నేను వరండాలో కూర్చున్నాను. అప్పు తెచ్చే తీసివేత పదకొండు మందికి వచ్చింది, భాగహారం ముగ్గురికి. కాగితాలు పాత కట్ట పక్కన బీరువాలో పెట్టి తాళం వేశాం. తాళంచెవి ఆయన బండి తాళంచెవుల గుత్తికి తగిలించుకుని పోయాడు. వచ్చే శనివారం నేను వాళ్ల బడికి పోవాలి.